నెత్తురు పానకం

మా అక్క కొడుక్కి పెళ్లి కుదిరింది. ఎండకాలం పెళ్లి. తొంభైలలో మాట. కరీంనగర్‌లో హాలు మాట్లాడుకుని, వచ్చినవాళ్లకు ముందుగా తాగడానికి ఏమివ్వాలో మా ఇంట్లో కూర్చుని అనుకుంటున్నాం. "సీసాలు గీసాలు వద్దు, పానకం పోద్దాం" అన్నాడు పిల్ల మేనమామ. ఆయనే మళ్లీ నవ్వుతూ, "అవునూ, మీ చొప్పదండి దిక్కు మీ ఊళ్లె పానకానికి ఇంకో పేరుందట గదా. నెత్తురు పానకమా? గదేం పేరు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపలే మా అక్క కొడుకు అందుకున్నాడు.

"ఎనుకట ఇద్దరు అన్నదమ్ములు మోట కాడ నీళ్ల వంతుకు కొట్లాడుకున్నరట మామా. అన్న పారతోని కొడితే తమ్ముని తల పలిగిందట. తల్లి ఉరికొచ్చి చెంబుల నీళ్లతోని కడిగిందట. అండ్ల బెల్లం కలిపి ఉన్నదని ఆమెకు యాది లేదు. నెత్తురు బొట్లు చెంబుల పడ్డయి. గొంతెండిపోయి అన్న అదే చెంబెత్తి తాగిండట, తమ్ముడు సుత తాగిండట. ఇద్దరి కడుపుల ఒక్కటే నెత్తురు పడ్డదని తల్లి ఏడిస్తే ఇద్దరు అలుముకున్నరట. గప్పటిసంది మా ఊళ్లె ఎవరు కొట్లాడుకున్నా ఒక్క చెంబుల పానకం తాగిపిచ్చి రాజీ చేస్తరు."

పిల్ల మేనమామ కళ్లలో నీళ్లు తిరిగాయి. మావాడు ఇంకా ఉత్సాహంగా, "పెండ్లినాడు నేను, పిల్ల గట్లనే ఒక్క చెంబుల తాగుతం. ముందుగాల నేను, తర్వాత ఆమె. మా ఊరి రివాజు" అన్నాడు.

నా చేతిలో చాయ్ కప్పు ఉంది. దాన్ని సాసర్ మీద పెట్టిన పెట్టుడుకు సాసర్ రెండు ముక్కలైంది. వంటింటి గుమ్మంలోంచి అక్క నా వైపు చూసింది. వద్దన్నట్టు తల ఊపింది. వచ్చినవాళ్ల ముందు ఆ పూటకు నేను నోరు మూసుకున్నాను.  బెల్లం నీళ్లతో తల పగిలినవాణ్ణి కడిగే తల్లి ఎక్కడుంటుంది? అట్లా కడిగితే ఈగలు ముసురుతాయి. ఈ మాత్రం ఆలోచన కూడా లేకుండా మా ఊరి మగవాళ్లు మూడు తరాలుగా ఆ కథ చెప్పుకుని కళ్లు తుడుచుకుంటున్నారు.

తినే వస్తువులకు, తాగే వస్తువులకు పేర్లు ఎట్లా వస్తాయో ఎవరూ పట్టించుకోరు. పేరు పెట్టినవాడు పోతాడు, పేరు మిగులుతుంది, దానికి ఎవరికి నచ్చిన కథ వాళ్లు అతికిస్తారు. మా ఇంట్లో పోలెలు అంటాం. శ్రీరాంపూర్‌లో అక్క కాపురం చేసిన బొగ్గుబావి కాలనీలో ఒక వరుసలో అవి బచ్చాలు. ఎదురు వరుసలో కోస్తా నుంచి వచ్చినవాళ్లకు బొబ్బట్లు. ఆదిలాబాద్ అవతలి దిక్కు నుంచి వచ్చిన ఒకామెకు పురణ్‌పోళి. ఉగాదినాడు నీళ్ల నల్లా దగ్గర అసలు పేరు ఏదని మొదలై, అది మీ ఊరు మా ఊరు అనే దాకా పోయి, ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారని అక్క చెప్పింది. ఒకామె గాజులు పగిలి మణికట్టు తెగిందట. పప్పు పెట్టి ఒత్తే పిండి కోసం నెత్తురు కారింది.

మలీద అంటే నలిపింది అని అర్థమట. అక్క పక్కింటి ముస్లిం పెద్దామె, ఖాలా చెప్పింది. రొట్టె వేడిగా ఉన్నప్పుడే బెల్లం వేసి, చెయ్యి కాలుతున్నా ఆగకుండా నలిపి ముద్ద కట్టాలి. బతుకమ్మకు మా అక్క చేసే మలీద ముద్దలు మెత్తగా, వెన్నలా ఉండేవి. ఎట్లా చేస్తావే అంటే, "కోపమొచ్చిననాడు చేస్తనే. మంచిగ నలుగుతది" అనేది. అప్పట్లో నవ్వుకున్నాం.

నెత్తురు పానకం సంగతి చెప్పాలంటే మా నాన్న, మా బాపు సంగతి చెప్పాలి. బాపు ఊళ్లో పెద్దమనిషి. మాకు భూమి ఉండేది, మాటకు విలువ ఉండేది. మా ఊళ్లో కొట్లాటలకు కరువు లేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు బందైనప్పుడు మా పిల్లలకు పొద్దంతా కొట్లాటలు చూడటమే పని అయింది. ఒకాయన గెట్టు చెక్కాడని పక్క చేను ఆయన కొడవలితో విసిరాడు. చెవి సగం తెగి బుగ్గ మీద వేలాడింది. ఆయన ఆ చెవిని అట్లాగే చేత్తో పట్టుకుని మా వాకిట్లోకి నడిచి వచ్చాడు. భుజం మీది కండువా తడిసి నల్లబడింది. వెనుకనే కొట్టినవాడూ వచ్చాడు. వాడి కొడవలి ఇంకా చేతిలోనే ఉంది.

ఎవరు వచ్చినా బాపు ఇద్దరి మాటా విని, తప్పెవరిదో చెప్పి, తర్వాత లోపలికి వెళ్లి దూలానికి వేలాడదీసిన రాగి చెంబు తెచ్చేవాడు. ఆ చెంబు ఇంకే పనికీ వాడరు. ముద్దబెల్లాన్ని రాతి మీద పెట్టి పిడికిలితో గుద్ది పగలగొట్టేవాడు. నీళ్లలో చేత్తోనే కలిపేవాడు. మిరియాలు లేవు, యాలకులు లేవు. బెల్లం, నీళ్లు, అంతే. ముందు కొట్టినవాడు తాగాలి, తర్వాత దెబ్బలు తిన్నవాడు అదే చెంబుకు మూతి పెట్టి తాగాలి. "తప్పు చేసినోడు ముందుగాల తల వంచాలె. గందుకే మొదలు వాడు తాగుతడు" అని బాపు అందరికీ వివరించేవాడు. తాగినంక ఆ ముచ్చట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే తప్పు ఎత్తినవాళ్లదే. చెవి తెగినాయన ఆ తర్వాత ఊళ్లో ఎన్నేళ్లు తిరిగాడో, ఆ చెవి ఎట్లా పోయిందని ఒక్కరు కూడా నోరెత్తి అడగలేదు. మా బాపు కలిపిన పానకం తిరగబడదని చుట్టుపక్కల ఊళ్ల వరకూ పేరు. బాపుకు దాని మీద ఎంత గర్వమో చెప్పలేను.

చెంబు అడుగున మిగిలింది పిల్లలకు పోసేవాళ్లు. తీపి కోసం మేము ఒకరి మీద ఒకరం పడేవాళ్లం. ఒకసారి నా కంటే ముందు దోసిలి పట్టిందని ఒక పిల్ల చెయ్యి కరిచాను, పళ్ల గుర్తులు పడ్డాయి. మా ఆటలు కూడా అవే. ఇద్దరు కట్టెలతో కొట్టుకోవాలి, ఒకరు బాపు కావాలి, ముంతలో నీళ్లు పోసి తాగించాలి. ఒకసారి ఆటలోనే ఒక పిల్లవాడికి కనుబొమ్మ చిట్లింది. వాడు ఏడుస్తూనే ముంత అందుకున్నాడు. తాగినంక ఇంట్లో చెప్పకూడదు కదా, చెప్పలేదు.

మా బాపమ్మ, అంటే బాపు తల్లి, ఆ పానకం ఎన్నడూ ముట్టలేదు. ఆమెకు ముందు పళ్లు రెండు లేవు. బావి దగ్గర జారి పడ్డానని చెప్పేది. వాకిట్లో చెంబు బయటికి వచ్చిందంటే ఆమె లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయేది. "జర తాగే" అని నేను వెంటపడితే, "నాకు తీపి పడది పో" అనేది. తీపి పడనిది పోలెలు పాలలో నానబెట్టుకుని రెండు తినేది. ఇదేం అబద్ధమే ముసల్దానా అని అడిగితే వీపు మీద ఒక్కటి వేసింది. ఆ చెయ్యి గుర్తుంది నాకు. ముసలిచేతిలో అంత బలం ఎక్కడిదో అనుకున్నాను.

అక్కను శ్రీరాంపూర్‌లో బొగ్గుబావి పనిచేసే ఆయనకు ఇచ్చారు. మంచి సంబంధం అని ఊరంతా అన్నారు. బావ తాగడు. ఇది నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తాగుబోతు అయి ఉంటే తాగి కొట్టాడని ఒక మాట అనేవాళ్లు. బావ గుడుంబ వాసన కూడా పడనివాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల, పెద్దవాళ్లు కనబడితే కాళ్లకు మొక్కడం. బాపుకు ఆయనంటే ప్రాణం.

ఆ మనిషి షిఫ్టు దిగి వచ్చినప్పుడు తలుపు గొళ్లెం తీయడం ఆలస్యమైందని, నడుముకు దీపం బ్యాటరీ కట్టుకునే తోలు పట్టాతో మా అక్కను కొట్టాడు. అన్నం వేడిగా ఉంటే నోరు కాల్చాలని చూస్తున్నావా అని, చల్లగా ఉంటే నేను నీకు కుక్కనా అని కొట్టాడు. అరిస్తే కాలనీలో ఇజ్జత్ పోతుందని నోట్లో బట్ట కుక్కి కొట్టేవాడట. కొట్టి, స్నానం చేసి, శుభ్రంగా బట్టలు మడత పెట్టుకుని పడుకునేవాడు.

మొదటిసారి అక్క బస్సులో వచ్చి దిగినప్పుడు కొంగు మెడ చుట్టూ చుట్టుకుని ఉంది. అవ్వ, అంటే మా అమ్మ, ఆ కొంగు తీసి చూసింది. తోలు పట్టా వాతలు మెడ నుంచి నడుము దాకా ఉన్నాయి. బాపు మనిషిని పంపి బావను పిలిపించాడు. బావ వచ్చాడు, తల వంచుకున్నాడు, తప్పైందన్నాడు. రాగి చెంబు దిగింది. బావ తాగాడు, అక్క తాగింది. ఆ సాయంత్రం బస్సుకే ఇద్దరూ వెళ్లిపోయారు. బాపు అరుగు మీద కూర్చుని, "నా బిడ్డ సంసారం సుత నా చేతిపానకంతోనే నిలబడ్డది" అన్నాడు.

తర్వాతిసారి అక్క ఎడమచేతి వేళ్లు రెండు విరిగి వచ్చింది. పుట్టింట్లో చెప్పుకున్నందుకు ఆ చేతిని నేలకు అదిమి బూటు మడమతో తొక్కాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. బాపు ఆ వేళ్లను చూశాడు.  తర్వాత, "తాగినంక మల్ల ఎత్తితే తప్పు ఎత్తినోళ్లది బిడ్డా. గది నేను పెట్టింది కాదు, పెద్దల్నుంచి వచ్చింది. ఊరందరికి ఒక రివాజు, నా బిడ్డకు ఒక రివాజా?" అన్నాడు.

అవ్వ తిరగబడింది. "నీ రివాజు మంటల పెట్ట. దాన్ని సంపినంక గా చెంబు నెత్తిన పెట్టుకో" అంది. బాపు లేచి అవ్వను చెంప మీద కొట్టాడు. నా ముందే కొట్టాడు. నాకు అప్పుడు పదహారో పదిహేడో. బాపు చెయ్యి నేను పట్టుకుని విరిచేదాన్ని, అవ్వే నన్ను ఈడ్చుకుని లోపలికి పోయింది. అక్క వేళ్లకు కట్టు కట్టించి మళ్లీ పంపించారు.

పిల్లవాడు పుట్టాడు. వాడు పాకే వయసులో అక్క వాణ్ణి చంకలో వేసుకుని మళ్లీ వచ్చింది. ఈసారి కొంగు కప్పుకోలేదు. పట్టా కొస ఇనుప కొక్కెం తగిలి కింది పెదవి చీలిపోయింది. పంటి చిగురు కూడా చీలింది. మాట్లాడితే నెత్తురు, మాట్లాడకపోతే చీము. అవ్వ గంజి పోస్తే మూతి పక్క నుంచి కారిపోయింది. పిల్లవాడు ఆ పెదవిని చేత్తో పట్టుకుని లాగుతుంటే అక్క వాడి చెయ్యి తీసేసి, మళ్లీ గుండెకు హత్తుకునేది. "ఇగ నేను పోను" అన్నది. మూతి కదపకుండా అన్న మాట అది. నాకు తప్ప ఎవరికీ సరిగా వినబడలేదు.

మర్నాడు పొద్దున్నే బావ తన పెద్దబాపును, అంటే పెదనాన్నను, వెంటబెట్టుకుని వచ్చాడు. ఉతికిన చొక్కా. బాపు కాళ్లకు మొక్కాడు. మా వాకిలి నిండా జనం.

"తాగినంక మల్లమల్ల పుట్టింటికి ఉరికొస్తే ఎట్ల పటేలా? తప్పు మీ పిల్లది" అన్నాడు బావ పెద్దబాపు. "అయినా మేం పట్టింపు చెయ్యం. మీ చేతితోని కలుపుండ్రి, తాగి తీస్కపోతడు."

నేను గడప దగ్గర నిలబడి, "అది పోనంటున్నది" అన్నాను.

"ఆడపోరివి నీకేంది నడుమ? లోపలికి పో" అని అరిచాడు బాపు.   బెల్లం గుద్దుతుంటే ఒక దెబ్బ రాతికి తగిలి పిడికిలి తోలు లేచింది. అయినా కలిపాడు. ఊరంతా చూస్తుంటే మా బాపు ఆగగలిగే మనిషి కాదు.

బావ చెంబు రెండు చేతులా అందుకుని మర్యాదగా తాగాడు. మీసం తుడుచుకుని అక్క ముందు పట్టాడు. అక్క బాపు వైపు చూసింది. "తాగు బిడ్డా" అన్నాడు బాపు. అక్క ఇంకా చూస్తూనే ఉంది. "తాగు. మా ఇజ్జత్ కాపాడు" అన్నాడు.

అక్క మూతి పెట్టింది. బెల్లం నీళ్లు చీలిన పెదవికి తగిలి మొత్తం ఒళ్లు జలదరించింది. చెంబు దించేసరికి అంచు మీద ఎర్రగా చార. లోపలికి కూడా బొట్లు పడ్డాయి. చంకలోని పిల్లవాడికి బెల్లం వాసన తగిలినట్టుంది. రెండు చేతులూ చెంబు వైపు చాపి కేరుమన్నాడు.

"తీపి గదా, పోరనికి జర పొయ్యుండ్రి" అన్నాడు బావ పెద్దబాపు నవ్వుతూ. బావ చెంబు తీసుకుని పిల్లవాడి నోటి దగ్గరికి వంచాడు.

బాపమ్మ కొట్టంలోంచి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. చేతి కట్టెతో చెంబును ఒక్క దెబ్బ వేసింది. చెంబు ఎగిరి గోడకు తగిలి పానకం అందరి మీదా చిందింది. బావ తెల్ల చొక్కా మీద కూడా పడింది.

"వాని నోట్లె పోస్తే నీ చెయ్యి ఇరగ్గొడ్త" అంది.

"అవ్వా, ఏంది గిది?" అని బాపు లేచాడు.

"కూసో కొడుకా. అన్నదమ్ములట, మోటట, నెత్తురు కలిసిందట. ఎవడు చెప్పిండు నీకు? మీ అయ్యే గదా?" ఆమె పై పెదవి ఎత్తి, పళ్లు లేని చోటు చూపించింది. "ఇండ్ల అన్నదమ్ములెవ్వరు లేరు. నేనే ఉన్న. పెసరచేనుకు అంబలి ఆల్శంగ తెచ్చినని మీ అయ్య కొడవలి పిడితోని నా మూతి మీద కొట్టిండు. బాయి కాడ జారిపడలే నేను. పండ్లు రెండు గా చేన్లనే ఉమ్మిన. మా పుట్టింటోళ్లు లొల్లికొస్తే మా మామ గిట్లనే బెల్లం కలిపి చెంబు నా చేతికిచ్చిండు. నేను ముందుగాల తాగిన. చిగుర్లకెల్లి నెత్తురంత అండ్ల పడ్డది. అది మీ అయ్యకిస్తే మూతి తిప్పుకున్నడు. 'ఛీ, గా నెత్తురు పానకం నేను తాగ' అన్నడు. పేరు గట్ల పుట్టింది. మీ అయ్య పెట్టిండు."

బాపమ్మ కింద పడ్డ చెంబును కట్టెతో చూపించింది.

"గప్పటిసంది కొట్టినోడు మొదలు తాగుడు పెట్టిండ్రు. తల వంచనీకి కాదు కొడుకా. మల్ల ఎవ్వడు ఎదుటోళ్ల నెత్తురు తాగొద్దని."

బావ లేచాడు. అంతమందిలో తన చొక్కా మీద మరక పడ్డది అన్న కోపమే ఆయన ముఖంలో ఉంది. "ముసల్దాని కతలు ఇననీకి రాలే మేం. నడువే" అంటూ అక్క జుట్టు పట్టుకుని లాగాడు. చంకలో పిల్లవాడు ఉన్నాడని కూడా చూడలేదు. అక్క మోకాళ్ల మీద పడి, పిల్లవాణ్ణి మాత్రం పైకి ఎత్తి పట్టుకుంది.

చెంబు నా కాళ్ల దగ్గరే ఉంది. అది చేతిలోకి తీసుకున్నట్టు కూడా గుర్తు లేదు. బావ నుదుటి మీద కొట్టాను. నా శక్తంతా పెట్టి కొట్టాను. ఎముకకు రాగి తగిలిన చప్పుడు ఇప్పటికీ నా చేతిలో ఉంది, దానికి నేను ఎన్నడూ బాధపడలేదు. కనుబొమ్మ పైన చీలి నెత్తురు కంట్లోకి దిగింది. ఆయన జుట్టు వదిలేసి రెండు చేతులతో ముఖం పట్టుకుని అరిచాడు. అక్కను నోట్లో బట్ట కుక్కి కొట్టినవాడు, అంత చిన్న దెబ్బకు అంత పెద్దగా అరవగలడని నేను అనుకోలేదు.

వాకిలంతా లేచింది. అక్క మెడ మీది వాతలు చూసి, విరిగిన వేళ్లు చూసి కదలని మనుషులు, బావ నుదుటి మీద నెత్తురు చూసి ఉరికారు. ఒకాయన కండువా చించాడు, ఒకాయన పసుపు తెమ్మన్నాడు. "పోలీసుల దగ్గరికి పోతం, గీ పోరిని లోపలేపిస్తం" అని బావ పెద్దబాపు ఊగిపోయాడు. మా ఊరివాడే ఒకడు, "లొల్లి పెద్దగైతది పటేలా, జల్ది ఇంకింత బెల్లం కలుపు" అన్నాడు.

బాపు ఆ మాట విన్నట్టే లేడు. నా చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. నన్ను కొడతాడనుకుని తల పక్కకు తిప్పుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. బాపమ్మ ముందు నిలబడ్డాడు.

"మా అయ్య ముట్టకపోతే గా పానకం ఏం చేసిండ్రే అవ్వా?"

బాపమ్మ కట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూసింది. బాపు మళ్లీ అడిగాడు.

"నువ్వు నా సంకల ఉంటివి కొడుకా. గీ పోరని లెక్కనే చెయ్యి చాపినవ్. తీపి గదా పొయ్యుండ్రి అన్నరు. నీకే పోసిండ్రు."

"నేను తాగిన్నా?"

"తాగినవ్. ఇంకింత పొయ్యమని ఏడ్చినవ్."

మా బాపు ఏడ్వలేదు. చెంబును బెల్లం గుద్దే రాతి మీద పెట్టి, కొట్టంలోంచి గొడ్డలి తెచ్చి, దాని వెనుక భాగంతో కొట్టడం మొదలుపెట్టాడు. బావా ఆయన పెద్దబాపూ తిట్టుకుంటూ వెళ్లిపోయారు, బాపు ఆగలేదు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు, ఆగలేదు. ఆ చెంబు తల్లి చేతి రొట్టె అంత పలచగా అయ్యేదాకా కొట్టాడు. బాపమ్మ అది అయ్యేదాకా నిలబడి చూసి, లోపలికి వెళ్లి అక్క మూతికి ఆముదం రాసింది.

పోలీసులు రాలేదు. అక్క మళ్లీ శ్రీరాంపూర్ పోలేదు. బాపు పంచాయితీలకు పోవడం మానేశాడు. నాకు కరీంనగర్‌లో బడిలో ఉద్యోగం వచ్చాక అక్కను, పిల్లవాణ్ణి నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఊళ్లో వేరే పెద్దమనుషులు వేరే చెంబులు తెచ్చుకున్నారు. బాపమ్మ చెప్పింది వాకిలి నిండా విన్నారు, ఒక్కరూ గుర్తు పెట్టుకోలేదు. అన్నదమ్ముల కథే నిలబడింది. అక్క తన కొడుక్కి, "మీ నాయినకు నాకు పడలే" అని మాత్రమే చెప్పి పెంచింది. సెలవులకు ఊరికి పోయినప్పుడు వాడు ఆ కథ నేర్చుకుని వచ్చాడు.

పిల్ల తరఫువాళ్లు వెళ్లిపోయిన సాయంత్రం నేను వాణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పాను. అక్క గుమ్మంలో నిలబడే ఉంది. వద్దంటుందేమోనని చూశాను. ఈసారి తల ఊపలేదు.  వేళ్ల సంగతి వచ్చినప్పుడు వాడు తల్లి చెయ్యి వైపు చూశాడు. అక్క ఎడమచేతి వేళ్లు ఎందుకు పూర్తిగా ముడుచుకోవో ఇన్నేళ్లూ వాడు అడగలేదు, పుట్టుకతోనే అట్లా అనుకున్నాడట.

అంతా అయ్యాక అడిగాడు. "చిన్నమ్మా, మరి నేను సుత తాగిన్నా?"

నేను చెప్పబోయాను. అక్క గుమ్మంలోంచి వచ్చి వాడి పక్కన కూర్చుంది.

"లే బిడ్డా" అంది. "చెయ్యి చాపినవ్. మా బాపమ్మ నీ నోట్లె పడనియ్యలే."

వాడు తల్లి చెయ్యి తీసుకుని, ఆ రెండు వేళ్లను తన పిడికిట్లో పెట్టుకున్నాడు.

పెళ్లినాడు ఒక్క చెంబు ముచ్చట ఎవరూ ఎత్తలేదు. పెద్ద డ్రమ్ములో పానకం కలిపారు, మిరియాలు వేశారు, యాలకులు వేశారు. పెళ్లికొడుకుకు ఒక గ్లాసు, పెళ్లికూతురుకు ఒక గ్లాసు. వచ్చినవాళ్లందరికీ ఎవరి గ్లాసు వాళ్లకే. ఎండ మండిపోతుంటే అందరూ అడిగి అడిగి తాగారు. పెళ్లికూతురు తన చేత్తో ఒక గ్లాసు నింపి తెచ్చి, "తాగు అత్తమ్మా" అని మా అక్కకు ఇచ్చింది.

అక్క ఆ పిల్ల తల నిమిరి, తనకు తీపి పడదని చెప్పి గ్లాసు పక్కన పెట్టింది.